పెళ్ళిపెద్ద సాయం

సాన్ విదాల్, జనవరి 4

ప్రియమైన సెల్మో,

నువ్వు పంపిన చెప్పులు అందాయి. రెండూ ఎడమకాలివే. మనీలా ఓడరేవులో బస్తాలు మోసీ మోసీ కుడీ ఎడమా మరిచిపోయావా?

నాకు ఆరో నెల వచ్చిందన్నా వినలేదు, మా బడిగదిలో పోలింగు అధికారిని మళ్ళీ నేనే. నిన్న మేయర్ మనుషులు తుపాకులతో వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. "ఏం టీచరమ్మా, ఏటి అవతలివాళ్ళకి ఆ రోజు జ్వరాలొస్తాయట కదా?" అన్నాడొకడు. పోయినసారి వంతెన దగ్గర కాల్పులు జరిపి వాళ్ళను వెనక్కి తరిమింది వీళ్ళే. ఈసారి కూడా మేయరే గెలిస్తే అవతలివాళ్ళ కొబ్బరితోటలు ఆయన భూముల్లో కలిసిపోతాయి.

ఏటి అవతలుండే, చూపు ఆనని లోలా పోరా నా చెయ్యి పట్టుకుని, "ఓటెయ్యకుండా చావనే అమ్మాయ్, దారి చూపించు" అంది. ముసలమ్మ నోరు తెరిచి అడిగితే కాదనలేకపోయాను. వంతెన వైపు రావద్దన్నాను. ఎన్నిక రోజు తెల్లవారుతూనే మడచెట్ల వెనక రేవులో, పడవ నడిపే తాస్యో సాయంతో అందరూ ఏరు దాటుతారు. ఈ మాట నీకు తప్ప బయటివాళ్ళెవరికీ తెలియదు.

నాకు భయంగా ఉంది సెల్మో.

నీ పేతాంగ్

మనీలా, జనవరి 12

ప్రియమైన పేతాంగ్,

కుడికాలి చెప్పులు పంపుతున్నాను, ఇక తిట్టకు.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ఒంట్లో బాగోలేదని ఇంట్లో పడుకోరాదూ? పడుకోవు. మొండిఘటానివి, నాకు తెలుసు. అందుకే మన నినోంగ్ తెరియోకి అన్నీ విడమరిచి రాశాను. పెళ్ళిలో మనకి పెద్దగా నిలబడి, "కష్టమొస్తే తండ్రిలా నేనున్నాను" అన్నాడా లేదా? మేయర్‌కి కుడిభుజమైతే అయ్యాడు, మనకి నినోంగే కదా. వెంటనే తంతి కొట్టాడు: "కంగారుపడకు. అమ్మాయి గదిలో గొడవ జరగదు."

పుట్టబోయే బిడ్డ జ్ఞానస్నానానికీ పెద్దగా నిలబడి ఆయనే నినోంగ్ కావాలని అడిగాను. ఇక హాయిగా నిద్రపో.

నీ సెల్మో

సాన్ విదాల్, జనవరి 21

ప్రియమైన సెల్మో,

అలవాటుకొద్దీ ప్రియమైన అని పడింది, కొట్టెయ్యలేదు. నీ ఉత్తరం నిన్న చేరింది. ఎన్నిక మొన్ననే అయిపోయింది.

గొడవేమీ జరగలేదు. ఏటి అవతలివాళ్ళ కోసం పొద్దుట్నుంచీ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. చివరికి లోలా పోరా ఒక్కతే వచ్చింది, తాస్యో భుజం పట్టుకుని. నవ్వుతూ వేలు చాపింది. గోటి మీద అప్పటికే సిరా ఉంది.

"రూలు మారిందటగా అమ్మాయ్! సిరా రేవులోనే పూసేశారు. చీటీ ఇయ్యి."

రేవులో నినోంగ్ మనుషులు సిరాసీసాతో కాచుకుని, తుపాకులు చూపించి అందరి వేళ్ళకీ పూశారట. మిగతావాళ్ళు అట్నుంచి అటే వెనక్కి తిరిగారు. ఈమెకు తుపాకులు కనబడలేదు. రూలంటే నమ్మింది. సిరా ఉన్నవాళ్ళకి చీటీ ఇవ్వకూడదని మేయర్ ఏజెంట్లు కేకలేశారు, నాతో కూర్చున్న టీచర్లిద్దరూ తలలు దించుకున్నారు. కిటికీలో తుపాకులు. ఆ ముసలమ్మని బయటికి పంపింది నేనే సెల్మో, ఈ నోటితోనే.

ఆ సాయంత్రం వేయించిన పందిమాంసం పట్టుకుని నినోంగ్ మన ఇంటికొచ్చాడు. "మీ ఆయన రాయబట్టి గానీ ఆ రేవు సంగతి నాకెలా తెలిసేదమ్మా? ఒక్కరి ఒంటి మీదా గీత పడకుండా కానిచ్చాను" అన్నాడు, నన్ను ఇంటిదాకా దింపడానికొచ్చిన తాస్యో వింటుండగానే. కంచే చేను మేసింది. ఆ కంచెకి దారి చూపించింది మనిద్దరం.

మేయర్ గెలిచాడు. అవతల తోటల్లో సరిహద్దు రాళ్ళు పాతుతున్నారు.

ఇవాళ ఏరు దాటి వెళ్ళాను. బిడ్డకి నువ్వే నినాంగ్‌గా, పెద్దదిక్కుగా నిలబడమని లోలా పోరాని బతిమాలాను. ఆమె ఆ వేలు కొబ్బరిపీచుతో రుద్దుకుంటూనే ఉంది, తల ఎత్తలేదు.

"మీకు నినోంగ్ ఉన్నాడుగా, అమ్మాయ్" అంది.

పేతాంగ్