షిఫ్టులకు లొంగని బుర్ర

జాలారిపేట, విశాఖపట్నం
17 నవంబరు 2024, ఆదివారం

పూజ్యులైన బావగారు దేవీప్రసాద్ గారికి,

మీ బావమరిది ఉమామహేష్ నమస్కారాలు. అప్పన్న దయవల్ల ఇక్కడ నేనూ నీలిమా కులాసా. అక్క మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఇంటర్ పరీక్షలు తప్పుతున్న మన కుసుమని దువ్వాడలో హాస్టల్లో పడేస్తానన్నారట. టైంటేబుల్ పెడితే నాలాగే దార్లో పడుతుందన్నారట. మీ టైంటేబులే నన్ను మనిషిని చేసిందని మీరు పదిమందిలో చెప్పుకుంటుంటే ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. నా మేనకోడలి చదువు మీదికొచ్చాక ఊరుకోలేను బావా.

ఉన్నమాట చెబుతాను, కోప్పడకండి. స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు నడిపే మీరు నాకూ ఏ షిఫ్టు, బీ షిఫ్టు అని గీసిచ్చారు. తెల్లారి ఐదింటికి లెమ్మన్నారు. లేచాను. లేచి, హార్బర్లో చేపల వేలంపాట చూడ్డానికి పోయాను! నేను నింపాల్సిన బోట్ల లైసెన్సు కాగితాలు మంచం మీదే ఉన్నాయి. పనులన్నీ రాసుకోమన్నారు. రంగురంగుల పెన్నులతో గీతలు కొట్టుకుంటుంటే మధ్యాహ్నమైంది. ఫోను బీరువాలో పెట్టమన్నారు. ఆ తాళం వెతుక్కోవడం ఇంకో పనైంది.

చివరికి నీలిమ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. బుర్ర ఒక పని మీద నిలవని ఈ తీరుని ఏడీహెచ్‌డీ అంటారట. ఏం చెయ్యాలో నాకు తెలియక కాదు బావా, మొదలుపెట్టడమే చేతకాదు. అలారాలూ జాబితాలూ ఆ తెలిసిందే చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతాయి. నన్ను నేను తిట్టుకోని రోజు లేదు అప్పట్లో. డాక్టరు మందు రాసి, పక్కన ఎవరైనా ఉంటే పని సాగుతుందేమో చూసుకోమన్నారు.

హార్బర్లో వలలు బాగుచేసే దేముడమ్మ తోడు మనిషి ఓ రోజు రాలేదు. కాగితాల సంచితో తిరుగుతున్న నన్ను చూసి, ఇలా కూకో బాబూ, ఈ కొస కాలితో తొక్కిపట్టు, నాను వల కుట్టుకుంతాను, నువ్వు నీ కాయితాలు సూసుకో, ఏటయిపోద్ది అంది. కూర్చున్నాను. ఎన్నాళ్లనుంచో పేరుకున్న కాగితాలు పొద్దువాలేలోపు అయిపోయాయంటే నమ్మండి! ఆమె ఒక్క సలహా చెప్పలేదు, నా వైపు సరిగ్గా చూడను కూడా లేదు. ఇప్పుడు రోజూ అక్కడే నా ఆఫీసు. బోటు ఓనర్లకు సంతోషం, నాకు సంతోషం. నీలిమ మాత్రం చేపల కంపని గుమ్మంలోంచే స్నానానికి తోలుతుంది.

అందుకే హాస్టల్ మాట ఆపండి. నాకున్నదే కుసుమకీ ఉందో లేదో డాక్టరు చెప్పాలి, ముందు చూపించండి. ఆ పిల్లది బద్ధకం కాదు, మీ మీదొట్టు.

అక్కకి నా నమస్కారాలు.

మీ మాటకి ఎదురు చెప్పినా మీవాడే అయిన
ఉమామహేష్

తా.క.: ఫోనులో పోయేదానికి ఇంత ఉత్తరమా అనుకుంటారేమో. పొద్దుట అక్కే కుసుమని ఇక్కడికి పంపింది. కెమిస్ట్రీ పుస్తకం పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. తను చదువుతున్నంతసేపూ నాకూ ఏదో పని ఉండాలి కదా, ఇది రాశాను. ఒక్కసారి కూడా లేవలేదు బావా. ఇప్పుడే తలెత్తి, నాన్న కూడా నా దగ్గర ఇలా ఊరికే కూకుంతారేటి మావయ్యా అని అడిగింది. ఏం చెప్పమంటారు?