అమ్మ ఎవరికీ చెప్పని సంగతి

గుడియాత్తం, జూలై 1997, మంగళవారం

పిల్లలు కలగడం లేదని చేయించుకున్న రక్తపరీక్ష ఫలితం కోసం ఈరోజు అమ్మతో వేలూరు వెళ్ళాను. నెలసరి మూడో రోజున తీసిన రక్తంలో ఒక హార్మోను ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉందట. అండాలు తగ్గిపోతున్నాయనడానికి అది గుర్తని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. వైద్యం చేయవచ్చు కానీ ఆలస్యం చేయకూడదంది. నాకింకా ముప్పై ఒకటే.

"మీ అమ్మకు ఏ వయసులో నెలసరి ఆగిపోయింది?" అని డాక్టరమ్మ అడిగింది.

పక్కన కూర్చున్న అమ్మ తల వంచుకుని, "ముప్పై ఆరుకే నిలిచిపోయినాది. ఎవురికీ చెప్పలేదు" అంది.

అప్పటికి నేను పదో తరగతి. నాకేమీ తెలియదు.

తిరుగు బస్సు పళ్ళికొండ దాటాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నేను చెప్పింటే నువ్వు ఇన్నేండ్లు ఆగకుండా ముందే వచ్చుంటావు గదా పాపా."

"నీకు మాత్రం ఏం తెలుసమ్మా? ఒక్కదానివే ఎట్ల ఓర్చుకున్నావు?"

"ఒళ్ళంతా సెగ పుట్టేది. కట్టడం పనిలో ఎండదెబ్బ అన్నాడు మీ నాయన. నేనూ అట్లే అనుకుంటి."

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన అంతా విని, వచ్చే నెలే వైద్యం మొదలుపెడదామన్నాడు. కొంచెం ధైర్యం వచ్చింది.

కానీ ఇది అమ్మ నుంచి కూతుళ్ళకు రావచ్చట. చెల్లెలు సుగుణకు ఇరవై నాలుగు. పెళ్ళికి ఇప్పుడే తొందరేముందని మొన్న దాని తరఫున అమ్మతో వాదించింది నేనే. రేపు దానికి ఈ సంగతి చెప్పాలి. భయపెట్టకుండా ఎక్కడ మొదలుపెట్టాలో...