రాజీ ఫొటోలో కదిలిన మనిషి

లింగాల, 12-3-1987

ప్రొద్దుటూరు ఫొటో స్టూడియో సిరాజుద్దీన్ అన్నకు ఓబమ్మ నమస్కరించి, శాంతకుమారి టీచరు చేత రాయించేది ఏమనగా,

పులివెందులలో రెండు వర్గాలకూ రాజీ కుదిరిన రోజు మీరు తీసిన ఫొటో అందింది. పన్నెండు మందిలో పదకొండు మంది మీసాల వెంట్రుకలతో సహా కనిపిస్తున్నారు. మా ఆయన చెన్నకేశవకు మాత్రం ముఖం ఉండాల్సిన చోట పొగ ఉంది. నడుములోని కత్తి కోసం కదిలాడని అవతలి వర్గం పెద్ద సుబ్బన్న మనుషులు అంటున్నారు. ఈ నెల 22, ఆదివారం లోపల తేలకపోతే రాజీ రద్దట. వాళ్ల భయానికి నాలుగేళ్లు గొర్రెలతో కొండ మీద పడుకున్న మనిషి ఇప్పుడిప్పుడే ఇంట్లో నిద్రపోతున్నాడు. తప్పు మీ ఫిలిందని రాసివ్వండి.

మీ చెల్లెలు,
ఓబమ్మ

తా.క.: మా పాప ఫొటో చూసి, "నాయన యాడమ్మా?" అని అడిగింది.

ప్రొద్దుటూరు, 15-3-1987

చెల్లెలు ఓబమ్మకు దీవెనలు.

గోడకు పెద్ద ఫొటో కావాలన్నారని ఏరికోరి స్లో ఫిలిం వేశాను. దాని రేణువులు సన్నం. ఎంత పెద్దది చేసినా ముఖాల మీద ఇసుక చల్లినట్టు ఉండదు. కానీ దానికి వెలుగు చాలా కావాలి. వరండా నీడలో ఒక సెకను ఊపిరి బిగబట్టమన్నది అందుకే. కుండనీళ్లతో మందు చల్లబరిచి, తొందరపడకుండా నా చేత్తో కడిగాను. ఫిలిం తప్పేం లేదమ్మా. మీ ఆయనే కదిలాడు.

ఇట్లు,
సిరాజుద్దీన్

తా.క.: ఆయన మీసం బాగానే పడింది. రెండు చోట్ల.

లింగాల, 18-3-1987

అన్నకు ఓబమ్మ నమస్కారం.

మీరు మంచే రాసుంటారని కవరు చింపకుండానే పంచాయితీకి తీసుకుపోయి చదివించాను. మా ఆయన కదిలాడని ఫొటో తీసినవాడే సంతకం పెట్టాడని సుబ్బన్న మనుషులు లేచి నిలబడ్డారు. మా ఆయన మళ్లీ కొండకు పోను గొంగడి సర్దుకుంటున్నాడు. ఎందుకు కదిలావంటే నోరు తెరవడు. ఏదైనా చేయి అన్నా.

ఓబమ్మ

తా.క.: ఇకమీదట మీ ఉత్తరం ముందు తను ఒంటరిగా చదువుకుంటానని టీచరు అంటోంది.

ప్రొద్దుటూరు, 20-3-1987

అమ్మా ఓబమ్మా,

జమ్మలమడుగు పెళ్లికి వేరేవాణ్ణి పంపి చీకటిగదిలో కూర్చున్నాను. గోడ ఫొటోకు నడుముల దాకానే అచ్చు వేశాను. నెగెటివ్‌లో కాళ్లు కూడా ఉన్నాయి. వాటిని పెద్దవి చేసి ఇందులో పెట్టాను. మీ ఆయన ఉత్తకాలి వేళ్ల మీద సుబ్బన్నగారి చెప్పు ఉంది. చెప్పు కుట్లు లెక్కపెట్టుకోవచ్చు. సుబ్బన్నగారు బొత్తిగా కదల్లేదు.

సిరాజుద్దీన్

తా.క.: టీచరమ్మా, ఇది పంచాయితీలో గట్టిగా చదవండి.

లింగాల, 23-3-1987

దేవుడిలాంటి అన్నకు,

మీ ఫొటో చూసి సుబ్బన్న మా ఇంటికే వచ్చాడు. అంత నొప్పిని ఎందుకు ఓర్చుకున్నావని మా ఆయనను అడిగాడు.

"నేను కెవ్వుమనింటే మీ వాళ్లూ మా వాళ్లూ ఊరికుందురా మామా?" అన్నాడు ఈయన.

సుబ్బన్న వంగి ఆ కాలిని పట్టుకుని చూశాడు. గోరు ఊడిపోయి ఉంది. రాజీ నిలిచింది. గొంగడి మళ్లీ దండెం మీదికి వచ్చింది. ఈ ఇంట్లో దీపం వెలిగినప్పుడల్లా నీ పేరు తలుచుకుంటాం అన్నా.

రుణపడిన చెల్లెలు,
ఓబమ్మ

తా.క.: ముఖాల ఫొటో తీసేసి, రెండిళ్లలోనూ కాళ్ల ఫొటోనే కట్టించారు. వచ్చినవాళ్లు ఇదేందని అడుగుతున్నారు. రాజీ అని చెబుతున్నాం.