ఆడపిల్లల బుధవారం తరగతి తిరిగి తెరిపించమని

లగూన్ ప్రాంత పాఠశాలల అధికారి గారి సముఖమునకు, ఫౌరేరే గ్రామంలో కాల్చిన చేమదుంపలు అమ్ముకొని బ్రతుకుచున్న జూడిత్ సుయిగా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నిలిపివేసిన ఆడపిల్లల జీవన నైపుణ్యాల తరగతిని, బదిలీ చేసిన మేరియన్ టీచరును తిరిగి ఇప్పించుట గురించి.

1. నా పెద్దకూతురు లోరీనా ఏడో తరగతిలో పెద్దమనిషి అయినది. గౌనుకు మరకైతే మగపిల్లలు నవ్వినారు. మరునాటి నుండి బడికి పోలేదు. రమ్మని పిలిచినవారు లేరు. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి.

2. రెండవది ఎల్మీనా. ఆ రోజులలో గుడ్డలు ఎట్లు వాడవలెనో, ఇష్టము లేనిచో ఆ మాట ఎట్లు చెప్పవలెనో మేరియన్ టీచరు ప్రతి బుధవారం నేర్పినది. నోట్లో నాలుక లేని పిల్లకు మాట వచ్చినది.

3. అడవిలో కలప నరుకు క్యాంపులో మేస్త్రీగా ఉన్న నా బావగారు మాయెలౌ, పిల్లను అక్కడ వంటకు పెట్టెదనని వచ్చినారు. ఆ క్యాంపుకు పోయిన పిల్లలు ఏ స్థితిలో తిరిగివత్తురో తమరికి తెలియనిది కాదు.

"మూట కట్టుకోవే."

"నేను రాను పెదనాన్నా. నాకు బడుంది."

"ఏంటే ఆ నోరు! ఎవరు నేర్పారు?"

"మా టీచర్. మర్యాదగా చెప్పమంది. మర్యాదగానే చెప్తున్నా."

అప్పుడు నా భర్తకు గొంతు పెగిలినది: "అన్నా, వదిలెయ్. చదువుకోనీ."

4. పెద్దలను ఎదిరించుట నేర్పుచున్నారని బావగారు ఫిర్యాదు చేయగా తమరు తరగతి ఆపించినారు. ఫిర్యాదు అబద్ధము కాదయ్యా. ఎదిరించినది. ఎదిరించినందుకే ఇంకా నా ఇంట ఉన్నది.

తరగతి ఆగినాక ఎల్మీనాతో చదువు ఆగ్నెస్ బడి మానినది. ఇంకొక పిల్ల వెరోనికాను ఇంటివారు క్యాంపుకు పంపినారు. నా భర్త చేపల ఓడ మీద పనికి పోయినాడు. శనివారం బావగారు మళ్ళీ వత్తురట. ఎల్మీనా దుంప ముట్టుట లేదు. "ఈసారి ఏం చెప్పాలో తోచట్లేదమ్మా" అని ఏడ్చుచున్నది. నాకూ తోచుట లేదు.

కావున శనివారము లోపల టీచరును పంపి మా పిల్లలను నిలుపవలెనని వేడుకొనుచున్నాను. ఒక తల్లి మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జూడిత్ సుయిగా

తా.క.: అయ్యా, బావగారి పడవ ఇవాళే వచ్చేసింది. ఆయన ఎల్మీనా చెయ్యి పట్టుకు లాగుతుంటే పిల్ల బిగుసుకుపోయింది. "బావగారూ, చెయ్యి వదలండి" అన్నాను. పెళ్ళైన నాటి నుంచి ఆయన ముందు గొంతెత్తి ఎరగను. వదిలాడు. రేపు మనుషుల్ని తెస్తాడట. మేం తల్లులం, పిల్లలం బడిగదిలో కూర్చున్నాం. తాళం పగలగొట్టింది నేనే. కేసు నా మీద పెట్టండి. టీచరమ్మను మాత్రం పంపండి, తెల్లారేసరికి.