పావుగంట పట్టే పెట్టె

నాచారం, 1998

ఆగస్టు 5, బుధవారం

నిన్నటి పొద్దు మామూలు పొద్దే. తులసికి నీళ్ళు పోసి దీపం పెట్టాను. మరదలు తారామణి అల్లం దంచుతోంది. పెళ్ళి వీడియోలు తీసే చిన్న తమ్ముడు దామోదర్ గుమ్మంలో అద్దం ఆనించుకుని గడ్డం గీసుకుంటూ, నురగ మొహంతోనే రేడియో వార్తలకు ఎదురు జవాబులు చెబుతున్నాడు. నవ్వాను కూడా.

అప్పుడు గేటు దగ్గర మల్లవ్వ. పీర్జాదిగూడ నుంచి మొదటి బస్సుకు వచ్చింది. పాలిథిన్ కవర్లో కూతురు శారద పెళ్ళి క్యాసెట్. ఎండాకాలంలో దామోదర్ తీసిన వీడియో. వాన నీళ్ళు ఇంట్లోకొచ్చి తడిసిందట, బూజు పట్టింది. ఆమె భర్త పోశయ్య పోయి నెల కాలేదు. ఆయన నడిశేది, మాట్లాడేది గిండ్లనే ఉంది బిడ్డా, జర సూడు అంది.

ఒరిజినల్ టేపు మీద దామోదర్ ఎప్పుడో ఇంకో పెళ్ళి తీసేశాడు. స్టూడియోల్లో అందరూ చేసే పనే. ఇడ్లీ ముట్టకుండా లేచాడు.

ఆగస్టు 6

ఒక వీసీఆర్ డెక్ నుంచి ఇంకో డెక్‌కు కాపీ చేస్తే మనిషి కనబడకుండా గీతలే వస్తాయట. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఒక్కో ఫ్రేమ్ సరిచేయొచ్చట. ఎడిటింగ్‌కు ఒకటి కొనాలని ఏడాదిగా అనుకుంటున్నదే. కానీ ఈ టేపు ఒక్కసారే తిరుగుతుంది. రెండోసారికి పొర ఊడిపోతుంది. బూజు రోజూ పాకుతోంది.

పెద్ద తమ్ముడు విశ్వనాథం ఇంజనీరు. పార్క్‌లేన్ కంప్యూటర్ దుకాణాలన్నీ తిరిగి వచ్చాడు. ప్రాసెసర్ ఫాస్ట్‌గా ఉండాలంటాడు. అన్నా, నేనేమన్న రేసులకు పోతున్ననా, నాకు హార్డ్ డిస్క్ పెద్దది గావాలె, పెళ్ళి పట్టాలె అని దామోదర్. చివరికి పెద్ద డిస్క్‌దే ఖాయం. దుకాణంలో అలాంటిది ఒక్కటే ఉంది.

ఆగస్టు 8, శనివారం

విశ్వనాథానికి రెండో శనివారం సెలవు. ఇద్దరూ స్కూటర్ తీశారు. ఆ పెట్టె ఇనుముదేనా అని అడిగాను. అవునన్నారు. శనివారం ఇనుము ఇంటికి తేకూడదన్నాను. జపాన్ డిస్క్‌కు శని ఏడ పడతడక్కా అని విశ్వనాథం నవ్వాడు. అయినా స్కూటర్ లోపల పెట్టాడు.

ఆగస్టు 10, సోమవారం

ఆ పెద్ద డిస్క్‌ది శనివారం సాయంత్రమే అమ్ముడుపోయింది. మళ్ళీ సరుకు నెలాఖరుకట. అంతవరకు టేపు ఆగదు. వీడియో ఎక్కించే కార్డుతో సిద్ధంగా దొరికింది చిన్న డిస్క్‌దే. తెచ్చారు.

కొత్త పెట్టెకు బొట్టు పెట్టమంది తారామణి. చేయి రాలేదు.

దామోదర్ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆగస్టు 11, మధ్యాహ్నం

వేరే టేపుతో చూశాడు. పావుగంటకే డిస్క్ నిండింది. ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెడదామంటే, ఆ తడిసిన టేపు ఆపినచోటే అతుక్కుంటుందట. మధ్యలో వదిలి ముక్కలుగా ఎక్కించడం ఆ కార్డుకు రాదట. అంత పెళ్ళిలో ఒకేచోట పావుగంటే దక్కుతుంది. ఏ పావుగంట?

తల్లినీ కూతురినీ పిలిపించాడు. కాళ్ళు కడిగేటప్పుడు నాయిన నా దిక్కు సూసిండు, గదే గావాలె అంది శారద. పీటల మీద అయ్యగారు చెప్పినట్టు కూసున్నోడు నా మొగడే గాడు అంది మల్లవ్వ. బంతిల మా తమ్ముని ఆకుల వద్దన్నా లడ్డు వేసుకుంట, తిను బే అని తిట్టిండు సూడు, గాయిన గావాలె అంది. లడ్డు కోసం నాయినను ఇడుస్తవానే అని శారద అరిచింది. ఆ తర్వాత ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని కూర్చున్నారు.

సహస్రనామం మధ్యలో తప్పింది నాకు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే తప్పింది. ఒక్క శనివారం. నేను నోరు మెదపకుండా ఉంటే ఇద్దరికీ దక్కేది.

ఆగస్టు 11, సాయంత్రం

అందరం కూర్చుని తేల్చుకున్నాం. భోజనాల బంతి. శారదే చివరికి సరేనంది. ఇంట్ల ఒక్కతే ఉండేది అమ్మ గదా, ఆమెకే ఇయ్యుండ్రి అంది.

టేపులో కాళ్ళు కడిగేది ముందొస్తుంది. తెర మీద కనిపించి పోతుంది. డిస్క్‌లోకి పోదు. రేపు ఆ సేపు శారద ఒక్కతే లోపల తెర ముందు కూర్చుంటుంది, మేం బయటికొచ్చి తలుపు వేస్తాం. బంతి రాగానే బటన్ నొక్కడానికి దామోదర్ ఉండక తప్పదు.

వాణ్ణి కళ్ళు దించుకోమన్నాను.