మన మడుగు నీళ్లు

ఆలిస్ స్ప్రింగ్స్

అమ్మా మర్లీన్,

నువ్వు పంపిన మన మడుగు నీళ్లు అందాయి. సాస్ సీసా సరిగ్గా కడగలేదు నువ్వు. అయినా నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ.

వారానికి మూడు రోజులు ఇక్కడి ఆసుపత్రిలో మిషను నా రక్తం శుభ్రం చేస్తుంది కాబట్టి మన నేలకు రాలేను. ఈ కుళాయి నీళ్లతో రంగులు కలిపితే మన కొండ ఎవరిదో కొండలా వచ్చేది. విసుగొచ్చి రెండేళ్లు కుంచె ముట్టుకోలేదు. నిన్న నీ నీళ్లలో ముంచాను. కొండ, మా అమ్మ నీడకు కూర్చునే తెల్ల మాను యూకలిప్టస్ చెట్టు, పిలిచినట్టు వచ్చేశాయి. సీసా అడుగున దిగిన ఎర్రమట్టిని కొండ పాదానికి పూశాను.

నాకు రోజుకు నాలుగు కప్పుల నీళ్లే తాగమన్నారు. నర్సు నేను కుంచె ముంచే కప్పు చూసి, "తాతా, ఇది ఆ నాలుగు కప్పుల్లోదేనా?" అని గద్దించింది.

"తాగేది నేను కాదమ్మా, కొండ" అన్నాను.

బొమ్మ నీకే. వచ్చి తీసుకెళ్లు.

ఒక్క గుక్క మాత్రం దాచుకుని నేనే తాగాను. రెండేళ్ల దాహం తీరింది. నర్సుకు చెప్పకు.

మీ మామయ్య