ఈసారి మంచివాడి వేషం

హాలీవుడ్,
మార్చి 1938

అమ్మకు,

యేసు క్రీస్తుకు స్తుతి. నేను, నీ కోడలు రోసలిన్ కులాసాగానే ఉన్నాం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని రాశావు, నమ్మమంటావా? నువ్వు పంపిన గసగసాల రొట్టె విరక్కుండా చేరింది. రోసలిన్ దాన్ని కేకు అంటుంది. అననీ, సగం తనే తినేసింది.

అడిగినవాటికి జవాబులు. కడుపునొప్పి లేదు. ఆదివారం పూజకు వెళ్తున్నాను, ప్రతి ఆదివారం కాదు. నా పేరు సంగతి మళ్లీ ఎత్తావు. వెండెల్ హుడాక్ అంటే జనానికి నోరు తిరగదని స్టూడియోవాళ్లే విక్టర్ హేల్ అని పెట్టారు. నాన్న మీద గౌరవం లేక కాదు. ఇంకెన్నిసార్లు రాయమంటావు?

ఇన్నేళ్లలో నేను చంపని మనిషి లేడు. గొంతులు పిసికాను, విషం పెట్టాను, రైలు కింద తోశాను. దానివల్ల మన గనుల ఊళ్లో నీకు దక్కిందేమిటో తెలుసు. చర్చిలో నీ పక్కన కూర్చోడానికి ఆడవాళ్లు జంకుతారు. అందుకే కిందటి ఉత్తరంలో అంత సంబరంగా రాశాను, ఈసారి మంచివాడి వేషమని, అనాథ మనవరాల్ని పెంచుకునే, గడియారాలు బాగుచేసే తాతనని. నువ్వు ఊరంతా చాటావు. ఫాదర్ కోవాల్‌ను కూడా సినిమాకి పిలిచావు. ఎందుకమ్మా అంత తొందర?

విడుదలకు ముందు ఏదో చిన్న ఊళ్లో సినిమా వేసి, జనం ఏమనుకున్నారో చీటీల మీద రాయించుకోవడం ఇక్కడి అలవాటు. నేను వెనక వరసలో కూర్చున్నాను. తెర మీద పిల్లను ఒళ్లోకి తీసుకున్నానో లేదో, ఒకావిడ కేక పెట్టింది.

"ఓసి పిచ్చిదానా, వాడి దగ్గరికి పోకే! చంపేస్తాడు!"

హాలంతా గొల్లున నవ్వింది. రొట్టె కోయడానికి చాకు తీస్తే, "అదిగో, మొదలెట్టాడ్రోయ్!" అన్నారు. చీటీల నిండా ఒకటే ప్రశ్న, వీడు పిల్లను ఎప్పుడు చంపుతాడని.

మర్నాడు నిర్మాత ష్రోడర్ పిలిచాడు.

"జనం అడుగుతున్నారు విక్టర్, ఇచ్చేద్దాం. చివర మార్చేద్దాం."

"ఆ ముసలాయన చీమకు కూడా హాని చెయ్యడండీ."

"ముసలాయన చెయ్యడయ్యా. నీ మొహం చేస్తుంది. ఇన్నేళ్లు మేం కూచుని తయారుచేసిన మొహం అది, ఇప్పుడు మంచిదైపోతానంటే ఎట్లా?"

కాదంటే జీతం ఆపి, ఇంట్లో కూర్చోబెట్టిన నెలలన్నీ ఒప్పందం చివర కలుపుతారు. ఇంకో స్టూడియో గడప తొక్కనివ్వరు. ఇంతే రాసి ఊరుకుందామనుకున్నాను, కానీ అది అబద్ధమవుతుంది. నేను వద్దనలేదమ్మా. పోస్టరు మీద నా పేరు అందరికంటే పైన వేస్తానన్నాడు, సరేనన్నాను. ఆ కొత్త సీను ఒక్కసారికే ఓకే అయింది. లైట్లవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. పిల్ల మాత్రం నిజంగానే ఏడ్చింది, మళ్లీ నా దగ్గరికి రాలేదు. స్టూడియోవాళ్లంటే అసహ్యం వేసింది, నేనంటే ఇంకా ఎక్కువ.

పిలిచినవాళ్లను రావద్దనడం నీ వల్ల కాదు. అందుకని ఇలా చెయ్యి. సినిమా ముగిసేముందు పిల్లను పడుకోబెట్టి దుప్పటి కప్పుతాను. అక్కడిదాకా మొదట తీసిందే ఉంచారు. అక్కడ నువ్వు లేచి, ఫాదర్‌ను, అందరినీ లేపి బయటికి తీసుకుపో. అయిపోయిందని చెప్పు. అప్పటిదాకా నేను మంచివాణ్ణే.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
వెండెల్